మాకూ సామానం కావాలి

మా సంఘం షెడ్డులో నాకొక కుర్చీ ఉంది. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, ఒక చెయ్యి విరిగింది. నెలకోసారి, మూడో ఆదివారం, ప్రోతరాపూర్‌లో బస్సెక్కి, జెట్టీలో దిగి, ఫెర్రీలో బాంబూఫ్లాట్‌కి దాటి వెళ్లి అందులో కూర్చుంటాను. మగవాళ్లు నలభై మంది చాపల మీద కూర్చుంటారు. ఆడవాళ్లు షెడ్డు బయట, ఐసుపెట్టెల పక్కన నిలబడి వింటారు. లోపల కూర్చునే ఆడమనిషిని నేనొక్కదాన్నే. టీచర్ని కదా. రిటైరై ఆరేళ్లయినా మావాళ్లకి నేను టీచరమ్మనే. పెళ్లి శుభలేఖ దగ్గర నుంచి పదోరోజు కార్డు దాకా తెలుగులో ఏం రాయాలన్నా నాకే ఫోను చేస్తారు.

పదకొండేళ్లుగా ఆ కుర్చీని చూసుకుని నేను మురిసిపోయాను. సమాజం మారుతోందా అని ఎవరైనా అడిగితే చూపించడానికి నా దగ్గర ఒక వస్తువుంది. మరో పాతికేళ్లకి మరో కుర్చీ పడుతుందని, అలా అలా ఒకనాటికి బయట నిలబడేవాళ్లే ఉండరని మనసులో అనుకునేదాన్ని. నిలబడ్డవాళ్లకి ఓపిక ఉండాలని కూడా అనుకునేదాన్ని. వాళ్ల కాళ్ల సంగతి నేనెప్పుడూ అడగలేదు.

మా తాతల తరం శ్రీకాకుళం ఒడ్డు నుంచి వలలతో సహా ఓడెక్కి ఈ దీవులకొచ్చింది. ఇక్కడ పుట్టిన మాకు ఆ ఒడ్డు ఎలా ఉంటుందో తెలియదు గానీ, ఆ ఒడ్డున ఎవరు ముందు కూర్చోవాలో ఎవరు వెనక నిలబడాలో మాత్రం బాగా తెలుసు. వలలు మూడు తరాల్లో మారిపోయాయి, నైలానువి వచ్చాయి. ఈ తెలివి మాత్రం అలాగే ఉంది.

దీవుల్లో కులం లేదని మేమంతా గొప్పగా చెప్పుకుంటాం. నిజమే, ఫెర్రీలో లేదు. టీ కొట్లో లేదు. బెంగాలీలు, తమిళులు, రాంచీవాళ్లు, మేము, అందరం హిందీలో తిట్టుకుని హిందీలోనే సర్దుకుంటాం. కులాన్ని ఇంట్లో భద్రంగా దాచుకుని నెలకోసారి షెడ్డుకి తెచ్చుకుంటాం. అక్కడ దాన్ని కులం అనం, సంఘం అంటాం.

ఆ సంఘానికి సర్కారు ఆఫీసులో ఒక అర్జీ ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. మేమూ ఇక్కడ పుట్టినవాళ్లమే, మమ్మల్నీ తక్కినవాళ్లతో సమానంగా చూడండి అని. దాన్ని ఇంగ్లీషులో, హిందీలో ఎన్నిసార్లు తిరగరాశానో నాకే గుర్తులేదు. రాసిన ప్రతిసారీ మగవాళ్లు చాపల మీంచి లేచి పిడికిళ్లు బిగించి ‘బరాబర్ హక్కు’ అని అరుస్తారు. బయట నిలబడ్డ ఆడవాళ్లు కూడా అరుస్తారు. ఆ అరుపుల్లో నాకెప్పుడూ తేడా ఏమీ కనిపించలేదు. నేనూ కూర్చున్న చోటి నుంచి అరిచేదాన్ని.

నిరుడు వానల్లో మా తమ్ముడు పోయాడు. మా చిన్నాన్న పెద్దకొడుకు. ముప్ఫై ఏళ్లు సముద్రం మీద తిరిగి ఏమీ కానివాడు, ఇంట్లో టీ తాగుతూ గుండె పట్టుకుని ఒరిగిపోయాడు. వాడి పేరు మీద చేపల షెడ్డులో ఒక జాగా ఉంది. మీటింగు షెడ్డు కాక, జెట్టీ నుంచి వచ్చే రోడ్డు పక్కన సంఘం కట్టించిన ఇంకో రేకుల షెడ్డు అది. సభ్యుడికో సిమెంటు దిమ్మ చొప్పున ఇచ్చారు. దాన్నే జాగా అంటాం. వాడి జాగా కుళాయి పక్కనే ఉండడంతో అందరికీ దాని మీద కన్నుండేది.

ఆ జాగాలో మా తమ్ముడు ఒక్కరోజు కూడా కూర్చోలేదు. పట్టడం మగవాడి పని, అమ్మడం ఆడదాని పని, ఇది మావాళ్ల రాజ్యాంగం. పద్దెనిమిదేళ్లు అక్కడ కూర్చుని కోనెం ముక్కలు కోసింది, కానగంతలు కుప్పలు పోసింది, బేరాలాడింది వాడి భార్య, మా మరదలు. రూలు ప్రకారం మాత్రం జాగా సభ్యుడిది. సభ్యుడు పోతే కొడుకుది. కొడుకు లేకపోతే తమ్ముడిది. మా తమ్ముడికి ఒక్కతే కూతురు. కాబట్టి జాగా వాడి తమ్ముడికి వెళ్లాలి. ఆ చిన్నవాడు ఆటో నడుపుతాడు. కత్తిపీట ఎటువైపు పట్టుకోవాలో వాడికి తెలియదు. తీసుకుని ఏం చేస్తావురా అంటే, ఎవరో ఒకరికి అద్దెకి ఇచ్చుకుంటానక్కా అన్నాడు.

వాడు చెడ్డవాడు కాదు, నేనెత్తుకు తిప్పినవాడే. వరసలో ముందున్నాడు, అంతే. అన్యాయం చేసేవాళ్లంతా దుర్మార్గులే అయ్యుంటే సంఘసంస్కరణ చాలా సులువైన పని, పోలీసులకి అప్పగించి ఇంటికెళ్లి పడుకోవచ్చు. మనకి ఎదురయ్యేవాళ్లు ఎక్కువమంది మన తమ్ముళ్లే.

ఆ జాగా పోతే మా మరదలి బతుకు వీధిన పడ్డట్టే. తట్ట నెత్తిన పెట్టుకుని ఎత్తుపల్లాల వీధుల్లో తిరగాలి. ఆవిడ మోకాళ్లు ఆ పనికి ఎప్పుడో సెలవు పెట్టేశాయి. కూతురు కాలేజీ రెండో సంవత్సరం. చదువు మాన్పించి ఏ బట్టల కొట్లోనో నిలబెట్టాలి. దినాలు అయిన వారానికే మరదలు మా ఇంటికొచ్చి వరండాలో కూర్చుంది.

“వదినా, నువ్వు సదువుకున్నదానివి. సంగానికి ఓ కాయితం రాసియ్యి. ఆ జాగా నా పేరు మీద ఉండాల. అంతే. నాకు మరేటీ వద్దు.”

“రాస్తాను. కానీ ఇది నీ ఒక్కదాని జాగా గొడవ కాదమ్మా. ఆడవాళ్లకి సభ్యత్వం లేకపోవడం అసలు తప్పు. ముందు ఆ సూత్రం ఒప్పించాలి” అన్నాను.

“ఏ సూత్రమొదినా? మెళ్లో సూత్రం పదోరోజునే తీసేసారు గదా.”

టీ పెడతానని లోపలికి వెళ్లాను.

అర్జీ నాలుగు పేజీలు వచ్చింది. మనువు దగ్గర మొదలుపెట్టి రాజ్యాంగం దాకా వెళ్లి, చివరి పేజీలో కింద నుంచి ఆరో లైనులో జాగా సంగతి రాశాను. సమానత్వం అన్న మాట పదిహేను చోట్ల వాడాను. నేను డిగ్లీపూర్ బడిలో పనిచేసిన రోజుల్లో వ్యాసరచన పోటీలకి రాసిచ్చిన వ్యాసాలకంటే ఇదే బావుందని నాకే అనిపించింది.

మూడో ఆదివారం సెక్రటరీ దాన్ని నిలబడి చదివాడు. మావాళ్లలో తెలుగు గుక్కతిప్పుకోకుండా చదవగలిగినవాడు అతనొక్కడే. పూర్తికాగానే చప్పట్లు మోగాయి. సంఘం పెద్ద, డెబ్భై దాటిన మనిషి, కళ్లు తుడుచుకున్నాడు.

“తెలుగంటే టీచరమ్మ తెలుగే. ఆ మాటలు ఎంత బాగున్నాయి! ఇంత మంచి కాయితానికి తొందరపడి జవాబు సెప్పకూడదు. పైనెల సూద్దాం” అన్నాడు.

“రూలు కూడా ఉంది కదా పెద్దా” అన్నాడు మా చిన్నతమ్ముడు, నా వైపు చూడకుండా.

“ఆలోచించండి” అన్నాను నేను. నాలుగు పేజీలు రాసినదాన్ని నోటితో అన్నది ఆ ఒక్క మాటే. కుర్చీలోంచి లేవను కూడా లేదు.

బయటికి రాగానే మా మరదలు ఎదురొచ్చింది. “ఏటన్నారు వదినా?”

“చప్పట్లు కొట్టారు.”

“జాగా?”

“పైనెల చూస్తారట.”

“పైనెలా సప్పట్లేనా?” అంది. వెటకారానికి అనలేదు, నిజంగానే అడిగింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని ఒక సామెత ఉంది గానీ, ఇక్కడ చెవిటివాడు శంఖం భలే ఊదావని మెచ్చుకున్నాడు. దానికి సామెత లేదు.

అప్పుడు మరదలి కూతురు, మా మేనకోడలు, రంగంలోకి దిగింది. అయిదో తరగతి దాకా నా దగ్గరే తెలుగు మీడియంలో చదివి, తర్వాత హిందీ మీడియంకి మారిపోయింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది. రాయమంటే మాత్రం ఒక్కో అక్షరం దగ్గరా ఆగి, ఇది ఎటు తిరగాలి అని అడుగుతుంది.

“అత్తా, బురా మత్ మానో. నీ తెలుగు బహుత్ అచ్ఛా, లేకిన్ ఎవరికీ సమజ్ కాదు. చార్ పేజీలు ఎవరు వింటారు? మేం బోర్డులు పట్టుకుంటాం. ఒక్కటే లైను. సీధా బాత్.”

“ఏం లైను?”

“అదొచ్చాక చూడు.”

చూశాను. తర్వాతి మూడో ఆదివారం మీటింగు సగంలో ఉండగా షెడ్డు గుమ్మం ముందు పదకొండుమంది ఆడవాళ్లు వరసగా నిలబడ్డారు. చేతుల్లో చేపలు పంపే తెల్ల థర్మాకోల్ పెట్టెల మూతలు. మూతల మీద నీలం మార్కరుతో ఇంతేసి అక్షరాలు. ముందు వరసలో మా మరదలు. పద్దెనిమిదేళ్లు చేపలు కోసిన చేతులు ఆ మూతని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. దాని మీద ఇలా ఉంది: మాకూ సామానం కావాలి.

పదకొండు మూతల మీదా అదే. ముప్ఫై రెండేళ్లు ఎర్రసిరా పెన్ను పట్టినదాన్ని. నా కళ్లు ముందు ఆ మనుషుల మీదికి పోవాలి. పోలేదు. ‘స’ పక్కన నిలబడ్డ దీర్ఘం మీదికి పోయాయి.

సంఘం పెద్ద కళ్లజోడు సర్దుకుని కూడబలుక్కున్నాడు. “మా... కూ... సా... మా... నం...” మొహం విప్పారింది. “ఓస్, సామాన్లా! సామాన్లు కావాలా మీకు!”

షెడ్డంతా ఊపిరి పీల్చుకున్నట్టయింది. ఇంత చిన్న కోరికా, దీనికా ఇంత భయపడ్డాం అన్నట్టు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. “అడగందే అమ్మయినా పెట్టదు. ఇన్నాళ్లూ అడక్కుండా ఎందుకూరుకున్నారమ్మా?” అన్నాడు పెద్ద, బాధగా. ప్రతి గంగమ్మ పండక్కీ వంటసామాన్లు పరాయివాళ్ల దగ్గర అద్దెకి తెచ్చుకోవడం నిజంగానే నామోషీగా ఉందని ఒకాయన లేచి చెప్పాడు. రెండు పెద్ద డేగిసాలు, ఒక బాణలి, గ్యాసు పొయ్యి, గరిటెలు, స్టీలు పళ్లాలు కొని ఆడవాళ్లకి బహూకరించాలని తీర్మానించారు. ఏకగ్రీవం. మా సంఘం చరిత్రలో ఆడవాళ్ల గురించి జరిగిన మొదటి తీర్మానం అదే.

నేను లేచి నిలబడ్డాను. పదకొండేళ్లలో మొదటిసారి.

“అది సామానం కాదు, సమానం. ఒక దీర్ఘం ఎక్కువ పడింది” అన్నాను.

ఏం లాభం? జాగా మాటెత్తాల్సిన నోటితో అక్షరదోషం ఎత్తాను. అలవాటు.

“పోన్లెండి టీచరమ్మా, ఒక్క దీర్ఘం కాడ పేచీ ఏటి? ఈ కాలం గుంటలు తెలుగు రాయడమే గొప్ప” అన్నాడు పెద్ద. ఆ ముక్క పట్టుకుని పావుగంట మాట్లాడారు. పిల్లలకి తెలుగు రాకుండా పోతోందని, ఇలాగైతే జాతి ఏమైపోవాలని బాధపడ్డారు. ఆదివారాలు నేను వచ్చి ఉచితంగా తెలుగు చెప్పాలని ఇంకో తీర్మానం చేశారు. అదీ ఏకగ్రీవమే. ఈలోగా టీలు వచ్చాయి. జాగా విషయం పైనెలకి వెళ్లింది.

బయటికొచ్చి మేనకోడలి మీద విరుచుకుపడ్డాను. “దీర్ఘం ఎందుకు పెట్టావే? అయిదేళ్లు నా దగ్గర వెలగబెట్టింది ఇదేనా?”

“ఫోన్లో టైప్ చేస్తే అలాగే వచ్చిందత్తా. హిందీలో సమాన్ అంటే బరాబరే కదా. దానికి ‘అం’ పెడితే తెలుగు అయిపోతుందనుకున్నా. అది చూసి అచ్చం అలాగే దించాను. సాఫ్‌గా లేదా?”

“సాఫ్‌గానే ఉంది. మీ అమ్మ జాగా సాఫ్ అయిపోయింది” అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక నాలుక కరుచుకున్నాను. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

మా మరదలు మాత్రం మూత పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. మొగుడు పోయాక ఆవిడ నవ్వగా నేను చూడలేదు. నిలబడలేక ఐసుపెట్టె మీద కూలబడి నవ్వింది. “ఓలమ్మో! హక్కులడిగితే గరిటెలిచ్చారు! పోన్లే వదినా, గుంటనేటీ అనకు. ఉత్త సేతుల్తో ఎల్లలేదు గదా” అంది. తక్కిన పదిమందీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తప్పు నా శిష్యురాలిది కదా, అందుకని.

మూడో నెలకి సామాన్లు వచ్చాయి. మగవాళ్లే వెళ్లి కొని, ఫెర్రీలో వేసుకుని తెచ్చారు. కొత్త డేగిసాలకి పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ చుట్టి షెడ్డు మధ్యలో పెట్టారు. ఫొటోలు తీశారు. ఫొటోలో సామాన్లు, సామాన్ల వెనక మగవాళ్లు ఉన్నారు.

తర్వాత సెక్రటరీ పుస్తకం తెరిచాడు. “సంఘం సొత్తు ఏదైనా ఒక సభ్యుడి జిమ్మాలో, బాధ్యతలో ఉండాలి. రూలు. ఈ సామాన్లు ఎవరి జిమ్మా రాసుకోమంటారు?”

వలలైతే పోటీ పడేవాళ్లు, ఇంజనైతే కొట్టుకునేవాళ్లు. ఇవి ఆడవాళ్ల గరిటెలు. వాటికి కాపలా ఉన్నవాణ్ని రేపు జెట్టీ మీద ఏమని పిలుస్తారో అందరికీ ముందే తెలిసిపోయింది. వెనక నుంచి ఎవడో “గరిటెల మేనేజర్” అని గొణిగాడు కూడా. నలభై మంది మగవాళ్లు చాప మీది అల్లికని అంత శ్రద్ధగా చూడడం నేనెప్పుడూ ఎరగను.

పెద్ద ఆలోచించాడు. “సామాన్లు కడుక్కోవాలంటే నీళ్లుండాల. కుళాయి ఉన్నది ఆ జాగా పక్కనే. ఆ జాగా దిమ్మ కిందే పెట్టుకుంటే సరిపోద్ది” అని మా చిన్నతమ్ముడి వైపు తిరిగాడు. “జాగా ఎలాగూ రూలు ప్రకారం ఈరోజు నీకు రాస్తన్నాం. దాంతోపాటు సామాన్లు కూడా నీ జిమ్మాయే. పండక్కి తియ్యడం, కడిగించడం, లెక్క సెప్పడం.”

మా వాడి మొహంలో రంగు మారింది. “నేనా? నేను ఆటో నడపాలా, గరిటెలు తోమించాలా? స్టాండులో నా ఇజ్జత్ ఏం కావాలి పెద్దా?”

“జాగా కావాలంటే సామాన్లు కూడా.”

“అయితే నహీ చాహియే” అని లేచాడు. “జాగా అన్న పేరు మీదే ఉంచండి. సామాన్లూ అన్న పేరు మీదే రాసేయండి. అన్న అయితే ఏమీ అనుకోడు.”

నవ్వారు. నవ్వు ఆగాక సెక్రటరీ మాత్రం పుస్తకంలోకి చూస్తూ ఉండిపోయాడు. “పేరు ఇంకా కొట్టెయ్యలేదు. ఉంది” అన్నాడు.

“ఉంటే ఉండనీ” అన్నాడు పెద్ద. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. పోయిన మనిషికి ఇజ్జత్ పోదు. పేరు పెట్టి ఎగతాళి చేసినా పలకడు. గరిటెల జిమ్మాకి అంతకంటే తగిన మగవాడు మా సంఘంలో దొరకడని అందరికీ అనిపించింది. ఏకగ్రీవంగా మా తమ్ముడి సభ్యత్వం కొనసాగింది.

గుమ్మం దగ్గర నుంచి మా మరదలి గొంతు వినిపించింది. “పేరు ఆయనది, సరే. కడిగేది, దాసేది, లెక్క సెప్పేది నేను. మరి మీటింగుల్లో లెక్క బయటి నుంచి కేకేసి సెప్పాలా, లోపలికొచ్చి సెప్పాలా?”

సెక్రటరీ పెద్ద వైపు చూశాడు. పెద్ద నా వైపు చూశాడు. నేను నోరు తెరిచేలోపే పెద్ద అన్నాడు, “జిమ్మా ఉన్నాక లోపల కూకోవాల గదమ్మా. రూలు.”

తిరిగి వచ్చేటప్పుడు ఫెర్రీ దాకా ఆవిడ నాతో నడిచింది. “ఇదేం న్యాయమే? పద్దెనిమిదేళ్లు కష్టపడ్డ నీకు పేరు లేదు, పోయినవాడికి ఉంది. బతికున్న ఆడదానికంటే చచ్చిపోయిన మగాడు నయమని పుస్తకంలో రాసుకున్నారు. నువ్వు ఒప్పుకోకూడదు. నా పేరు రాస్తేనే ఉంటానని చెప్పు. నేను మళ్లీ రాస్తాను, ఈసారి గట్టిగా రాస్తాను” అన్నాను.

“రాయి వదినా. నువ్వు రాత్తానే ఉండు, వద్దన్ను” అంది. “లేకిన్ న్యాయం వచ్చేదాకా నా సేపలు ఐసులో ఉంచమంతావా?”

అంతవరకు న్యాయం గురించి నేను చదివినవీ రాసినవీ ఒక్కొక్కటీ గుర్తుచేసుకుంటూ ఫెర్రీలో కూర్చున్నాను. ఐసుకి సంబంధించిన జవాబు ఒక్కదానిలోనూ లేదు. మరునాడు పొద్దున్నే ఆవిడ తన దిమ్మ మీద కూర్చుని కోనెం కోస్తోందని, దిమ్మ కింద డేగిసాలు బోర్లించి ఉన్నాయని మేనకోడలు ఫొటో పంపింది. కాలేజీకి వెళుతూ తీసిందట, తన చేతిలోని పుస్తకాల సంచీ కూడా ఫొటోలో పడింది.

ఆ తర్వాతి మూడో ఆదివారం మా మరదలు లోపలికి వచ్చింది. చివరి చాప మీద, గోడవారగా, కొంగు భుజం చుట్టూ కప్పుకుని కూర్చుంది. పక్కనున్నవాళ్లు కొంచెం జరిగారు. మర్యాదకి జరిగారో, మరెందుకు జరిగారో తెలియదు. జరిగితే చోటయింది.

మా సంఘంలో హాజరుకి సంతకాలుండవు. పెద్దవాళ్లకి కళ్లజోళ్లు గుర్తుండవు, చిన్నవాళ్లకి తెలుగు రాదు. అందుకని సెక్రటరీ పేర్లు పిలుస్తాడు, ఉన్నవాళ్లు పలుకుతారు. ఆ తంతు జరిగే అయిదు నిమిషాలూ నేను సంచీలో కళ్లజోడు వెతుక్కుంటూ గడిపేస్తుంటాను. ఆ రోజు వెతకలేదు. ఆవిణ్ణే చూస్తూ కూర్చున్నాను.

పేర్లు వరసగా నడిచాయి. హాజిర్, ఉన్నా, హాజిర్. ఒకచోట సెక్రటరీ గొంతు తడబడింది. పోయినవాళ్ల పేరు దాటేయడం అలవాటు. ఇప్పుడు దాటేయడానికి లేదు, తీర్మానం ఉంది. మా తమ్ముడి పేరు పిలిచాడు.

వాడు పోయాక ఆ పేరు ఎవరూ గట్టిగా అనలేదు. ఇంట్లో ‘ఆయన’, ‘మీ నాన్న’, ‘అన్న’, ఇలాగే గడిచిపోయింది. నలభై మంది తలలు దించుకున్నారు. మా చిన్నతమ్ముడు మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. మా మరదలు తలెత్తి పుస్తకం వైపు చూసింది. సెక్రటరీ ఈసారి మెల్లగా, మళ్లీ పిలిచాడు.

“ఉన్నాను” అంది.

ఉన్నారు అనలేదు. ఉన్నాను అంది. సెక్రటరీ తలెత్తి ఆవిణ్ణి చూశాడు. ఏదో అడగబోయి మానుకుని, పుస్తకంలో టిక్కు పెట్టి, తర్వాతి పేరు పిలిచాడు.

ముప్ఫై రెండేళ్లు నేను హాజరు పిలిచినదాన్ని. రాని స్నేహితురాలి బదులు గొంతు మార్చి పలికిన పిల్లల్ని పట్టుకుని బెంచీ ఎక్కించినదాన్ని. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మిగతా పేర్లు అయ్యేదాకా తల వంచుకుని కూర్చున్నాను. ఎందుకో తెలియదు, ఆవిడలాగే నేనూ ఒక్కసారి గట్టిగా పలకాలనిపించింది. నా వంతు వస్తుందని ఎదురు చూశాను.

పేర్లయిపోయాయి. సెక్రటరీ పుస్తకం మూసేశాడు. అందులో నా పేరు లేదని, పదకొండేళ్లలో ఎప్పుడూ లేదని నాకు అప్పుడు తెలిసింది.